పుస్తకములలోని తాలుకాయలు

మిరపకాయలు కోసి కల్లములో ఎండబోసిన పిమ్మట, మా చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతముల నల్లరేగడి ఊళ్లలో ఆడుకూలీలు వరుసగా కూర్చుండి తాలుకాయలను ఏరివేయుదురు. ఎఱ్ఱకాయ యొక రాశి, తెల్లబారిన కాయ యొక రాశి యగును. తాలుకాయయు మిరపకాయయే. అదియు ఆ చేనిలోనే పుట్టినది, ఆ నీరే త్రాగినది, ఆ రైతు చేసిన అప్పుతోనే పెరిగినది. అయినను దానిని మేలుకాయలతో కలిపి గోనెలలో కుట్టి గుంటూరు యార్డునకు తోలినచో, కొనువాడు గోనెలో చేయిపెట్టి పిడికెడు తీసి చూచును. అంతట మొత్తము సరకునకే ధర తగ్గును. అందుచేత రైతు తన కాయలను తానే ముందుగా ఏరుకొనును. ఈ సంగతి అక్షరమైన రాని కూలిమనిషికి తెలియును. పుస్తకముల విషయమున మాత్రము, చదువుకొన్నవారమని చెప్పుకొను మనకు తెలియదు, తెలిసినను చెప్పము.

ఈ మాట నేనేల వ్రాయవలసివచ్చినదో మొదట చెప్పెదను. కొంతకాలము క్రిందట మా ప్రాంతమున నొక సాంఘిక నవల వెలువడినది. గ్రంథకర్త పేరుగాని పుస్తకము పేరుగాని ఇచ్చట వ్రాయను; ఆయన సజ్జనుడు, స్వయముగా కట్నము లేకుండ కుమారుని పెండ్లి చేసినవాడు. వరకట్నమును ఖండించుటయు, కులాంతర వివాహమును సమర్థించుటయు ఆ నవలయొక్క ఉద్దేశము. కథకు ముందు నాలుగు ముందుమాటలు, ఒక ఆశీర్వచనము, అట్టవెనుక ఒక ప్రశంస కలవు. ఆవిష్కరణ సభలో ఏడుగురు పెద్దలు మాటలాడిరి. అందు అయిదుగురు పుస్తకమును విప్పియుండలేదని వారి యుపన్యాసములే సాక్ష్యము చెప్పినవి. ఒకరైతే నాయికకు నాయకుని చెల్లెలి పేరు పెట్టి పొగడిరి. సభానంతరమున నన్ను కూడ నాలుగు మాటలు వ్రాసి యిమ్మనిరి.

పొగడుటకంటె ముందు చదువుట ధర్మమని నేను చదువ మొదలుపెట్టితిని. మొదటినాడు నలువది పుటలు చదివితిని. రెండవనాడు పది పుటలు. మూడవనాడు పుస్తకము రొమ్ముమీద పెట్టుకొని నిద్రించితిని. నా వయస్సు దోషమేమోయని సందేహము కలిగి, మా కోడలికి ఇచ్చితిని. ఆమె పట్టపరీక్ష నిచ్చినది. వంటయింటిలో పప్పు ఉడుకునంతసేపు పుస్తకము విడువని మనిషి. రెండు దినములలో తెచ్చి నా బల్లమీద పెట్టినది.

"ఎట్లున్నదమ్మా?" అని యడిగితిని.

"మంచి పుస్తకమే మామయ్యగారూ. కానీ ఇందులో ఆడవాళ్ళెవరూ అన్నం తినరేమండీ? ఒక్కరికీ తలనొప్పి రాదు, అత్తగారి మీద విసుగు రాదు. పెళ్ళిచూపుల్లో కూడా ఉపన్యాసమే ఇస్తారు" అని నవ్వి లోనికి పోయినది.

అంతకు మించిన విమర్శ నేను చేయజాలనని తోచి, ఆ మాటనే కొంచెము మర్యాదగా మార్చి వ్రాసి పంపితిని. అది అచ్చుపడలేదు. పడదని నాకును తెలియును. కాని తరువాత మిత్రుడొకడు మా యింటికి వచ్చి, "నీవంటివాడే ఇట్లు వ్రాసిన కట్నములు తీసికొనువారికి బలము చేకూర్చినట్లు కాదా?" అని గద్దించెను. పుస్తకము బాగులేదన్న మాటకు కట్నము మంచిదని యర్థమట! ఈ నింద నాయొక్కనిమీద మాత్రమే పడినదైన నూరకుందును. సంస్కరణాభిమానము గల గృహములన్నిటను ఇదే న్యాయము చెల్లుచున్నది గనుక, దీనికి సమాధానము చెప్పక తప్పదు.

మొదట పూర్వుల నడుగుదము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చయి, పెంచి మార్చిన కూర్పు 1909లో వెలువడినది. కన్యావిక్రయమును అంతగా చావుదెబ్బ కొట్టిన గ్రంథము మరియొకటి తెలుగున లేదు. అందులో సంస్కరణమును గూర్చి ఎడతెగకుండ మాటలాడువాడెవడు? గిరీశము. వితంతువివాహముపై ఉపన్యాసములు దంచువాడును వాడే, వితంతువును మోసగింపజూచువాడును వాడే. సంస్కర్తల పక్షమున నిలిచిన గ్రంథకర్త సంస్కర్తల వేషము వేసినవానిని నడివీధిలో నిలువబెట్టి నవ్వించెను. ఆయన మిత్రులు, "అయ్యా, శత్రువులకు ఆయుధ మిచ్చుచున్నారు" అని ఆపియుండినచో మనకేమి మిగిలెడిది? సౌజన్యారావు పంతులు మిగిలెడివాడు. నిజము చెప్పవలెనన్న ఆ నాటకమున నాకు రుచింపని పాత్ర ఆయనయే. మంచివాడే, కాని ఆయన రంగమునకు వచ్చినప్పుడెల్ల మధురవాణి ఎప్పుడు వచ్చునాయని కాచుకొనియుందును. ఈ మాట చెప్పుటవలన నేను సౌజన్యమునకు శత్రువును కాలేదు గదా.

వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రమును గూర్చియు నిదే చెప్పవలసియున్నది. తెలుగు నవలకు అది మొదటి మెట్టని అందరును ఒప్పుకొందురు. మా యింట ఆ పుస్తకము మూడు తరములుగా నున్నది. మూడు తరములవారును చదివినది అందలి పూర్వభాగమే: రాజశేఖరుడుగారి చుట్టును చేరిన ముఖస్తుతిపరులు, బంగారము చేసి యిత్తునని వచ్చిన బైరాగి, జ్యోతిషమును నమ్మి పడిన పాట్లు. అక్కడ పంతులుగారి కలము పదునైనది. తరువాతి భాగమున కష్టములు వరుసగా వచ్చి వరుసగా తొలగును. మనకు గుండె కొట్టుకొనదు. పంతులుగారి ప్రతిమకు దండ వేయుటకు నేనును పోవుదును. దండ వేసిన చేతితోనే ఈ వాక్యమును వ్రాయుచున్నాను.

ఇక మన గుంటూరుసీమ గ్రంథమునకు వత్తము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు వేములూరుపాడున 1877లో పుట్టిరి. గుంటూరున ఆడపిల్లల చదువునకై శారదానికేతనమును 1922లో నెలకొల్పిరి. పల్నాటి పుల్లరి సత్యాగ్రహమునాటి చెరలో, రాయవేలూరు కారాగృహమున, మాలపల్లిని వ్రాసిరి. అది 1922లో అచ్చయినది. మద్రాసు దొరతనమువారు దానిని నిషేధించిరి. రాజాజీ మంత్రివర్గము వచ్చిన 1937లో గాని ఆ నిషేధపు పీడ విరగడకాలేదు. ఇంతవరకు అందరును సభలలో చెప్పుదురు. ఇంతటితో ఆపుదురు.

నే నొక వర్ధంతి సభకు పోయియుంటిని. ప్రధానవక్త మాలపల్లి కథను చెప్పనారంభించెను: అర్చకుని కుమారుడు మాలపిల్లను ప్రేమించెనట, తండ్రి అడ్డుపడెనట, తుదకు మనస్సు కరిగెనట. నేను నివ్వెరపడితిని. అది గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో తీసిన మాలపిల్ల యను సినిమా కథ, వ్రాసినవారు చలముగారు. పేరులో రెండక్షరముల భేదము. కథలో నేలకును నింగికిని ఉన్నంత భేదము. సభలో నూరుగురుకంటె ఎక్కువమంది యుండిరి. ఒక్కరును నవ్వలేదు, ఒక్కరును లేవలేదు. అందరును కరతాళధ్వనులు చేసిరి. ఆ కరతాళధ్వనులలో నాకు దొరతనమువారి నిషేధముకంటె ఘోరమైన నిషేధము వినబడినది. ఆ మద్రాసు అధికారులెవరో గాని వారు పుస్తకమును చదివియుందురు. చదివిరి గనుకనే భయపడిరి. మనకు చదువు ప్రయాసయును లేదు, భయమును లేదు.

మాలపల్లిని నేను మూడుమారులు చదివితిని. నాకు నచ్చినది నచ్చినట్లును, నచ్చనిది నచ్చనట్లును చెప్పెదను. రామదాసు ఇల్లు, ఆ యింటి భజన, సంగదాసు మాటలు, చౌదరయ్య కోపము, కూలివాండ్ర కష్టము: ఇవి చదువునపుడు నా కాలిక్రింద మా యూరి నేలయే ఉన్నట్లుండును. చౌదరయ్యను గ్రంథకర్త రాక్షసునిగా వ్రాయలేదు. వాడు మా యిండ్లలోని పెద్దవంటివాడే. తన సొత్తు తనదని నమ్మినవాడు. ఆ నమ్మకముతోనే సంగదాసును చంపినవాడు. ఇదియే నన్ను భయపెట్టినది. పుస్తకమును మూసి మా నాయనగారి చిత్రపటమువైపు చూచితిని. కులమును గూర్చిన నూరు వ్యాసములు చేయనిపని ఆ యొక్క అధ్యాయము చేసినది. చెరసాల ఘట్టములును అట్టివే. లోపల నుండి చూచినవాడు గాని వ్రాయజాలడు.

అయితే, రెండవ సగమున కథ ఉపన్యాసములక్రింద నలిగిపోయినది. పాత్రలు మాటలాడుట మాని వాదములు చదువుదురు. తక్కెళ్ల జగ్గడై వెంకటదాసు ధనికులను దోచుట మొదట ఉత్సాహము కలిగించును; పోనుపోను అతడు మనుష్యుడుగా కాక ధర్మసందేహమువలె కనబడును. తుదినున్న విద్యాలయ వర్ణనలు మంచి యాలోచనలే, కాని నేను మూడుమారులును అక్కడ పుటలు త్రిప్పివేసితిని. ఇట్లు చెప్పుట ఉన్నవవారిని అగౌరవపరచుటయా? పుటలు త్రిప్పివేసినవాడే మొదటి భాగమును కంఠతా వచ్చునంతగా చదివినాడు. సభలో చప్పట్లు కొట్టినవారిలో ఎందరు రెండింటిలో ఒకటియైన చేసిరి?

ఇచ్చట మా యింటి యనుభవమొకటి చెప్పవలెను. మిరపకాయల కాలమున మా కల్లములో మధ్యాహ్నము విశ్రాంతివేళ మా కోడలు మాలపల్లిలోని కొన్ని పుటలను కూలివాండ్రకు చదివి వినిపించెను. ఉన్నవవారు నిత్యము వాడు మాటలకు దగ్గరగా వ్రాసిరి గనుక విప్పి చెప్పవలసిన యక్కర లేకపోయినది. (నేను మాత్రము ఇట్టి భాషలో వ్రాయుచున్నాను, నా మనుమరాలు దీనిని శాసనభాష యనును. అభ్యాసము చెడ్డది.) కూలి తగవు ఘట్టము వచ్చినపుడు ముసలామె యొకతె, "ఇది రాసినాయన కూలికి పోయినాడా అమ్మా?" అని యడిగినది. లేదని చెప్పగా, "మరి ఎట్టా తెలిసిందో" అని చాలసేపు ఊరకుండినది. గ్రంథకర్తకు ఇంతకంటె పెద్ద బిరుదు ఏ పరిషత్తు ఇయ్యగలదు? ఆ మరునాడు మా కోడలు నవలయొక్క రెండవభాగము నుండి చదువగా ఆమె కునుకు తీసినది. ఆ కునుకును కూడ నేను విమర్శగానే గణించెదను.

మన సీమలో పుట్టిన మరికొన్ని పుస్తకములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. వినుకొండ జాషువాగారి గబ్బిలము 1941 నాటిది. గుడిలోనికి పోగూడని మనుష్యుడు గుడిలో వ్రేలాడగల గబ్బిలముచేత శివునికి కబురు పంపుట! ఆ కల్పనయే కావ్యము. మిగిలినదంతయు దాని వెనుక నడుచును. దారిలోని దేశవర్ణనములు కొన్నిచోట్ల నిడివియై ఆ కబురు పంపినవానిని మరపించునని నా యభిప్రాయము. కాని మరల వాడు జ్ఞప్తికి వచ్చినపుడు కంఠము పట్టుకొనును. జాషువాగారిని నేడు సన్మానించువారు కొందరు ఆయన పద్యముల మాధుర్యమును పొగడి, ఆ పద్యము ఎవరిని నిలదీయుచున్నదో ఆ మాట మ్రింగివేయుదురు. ఆ నిలదీయబడువారు తామే అగుటచేత కాబోలు.

తెనాలిలో పెరిగిన చలముగారి మైదానమును మా యింటిలో చాలకాలము బీరువా పైయరలో, పంచాంగముల వెనుక దాచిరి. అందుచేతనే అందరును చదివిరి. ఆ వచనమునకు సాటి వచనము లేదు, ఊపిరి తీసికొన్నట్లుండును. రాజేశ్వరి భర్తను విడిచి పోవుటకు నా కభ్యంతరము లేదు. నా యసంతృప్తి వేరు. అమీరు ఎట్టివాడో రాజేశ్వరి కన్నులతో తప్ప మనకు తెలియదు. ఆమె కన్నులలో కాంతి యెక్కువ. పుస్తకము ముగిసిన పిమ్మట నా కామె తెలిసినది, అతడు తెలియలేదు. దీనిని నీతి చెడ్డదనువారితో నేను చేరను, సర్వోత్తమమనువారితోను చేరను.

గోపీచందుగారి అసమర్థుని జీవయాత్ర నన్ను మిక్కిలి నొప్పించిన పుస్తకము. కావున మిక్కిలి నచ్చిన పుస్తకము. తండ్రి కీర్తికొఱకు ఆస్తిని ధారవోయుట, కొడుకు సీతారామారావు మాటలతో బ్రదుక జూచుట, పని చేయలేక తన్ను తానే కొరికికొని తినుట, ఇది మెట్ట గ్రామములలో కలిగినవారి యిండ్ల చరిత్రయే. మా బంధువులలో నలుగురు సీతారామారావులున్నారు. వారిలో ఇద్దరు ఈ పుస్తకము చదివి, పాపము, తక్కిన ఇద్దరిని గుర్తించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారి చదువులో కథ యనదగినది తక్కువ; సుందరమను బాలుడు పెరిగి పెద్దవాడగుట తప్ప విశేషము లేదు. అయినను పుస్తకము క్రింద పెట్టబుద్ధి పుట్టదు. ఎందులకో చెప్పుమన్న చెప్పలేను. చెప్పలేనివి కొన్ని యుండుట మంచిదే.

ఇప్పుడు నా మిత్రులకు మిక్కిలి కోపము తెప్పించు మాట చెప్పెదను. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు నాకు నచ్చినది. అందలి సిద్ధాంతములు నాకు సమ్మతములు కావు. వర్ణవ్యవస్థ కూలుటచే లోకము కూలుచున్నదనెడి ధ్వని విన్నపుడెల్ల పుస్తకముతో జగడమాడితిని. అంచులమీద పెన్సిలుతో వ్రాసితిని. అయినను సుబ్బన్నపేట మనుష్యులు నిజమైన మనుష్యులు. పసిరిక వంటి పాత్రను ఊహించుటకు నా పక్షమువారిలో ఎవరికి సాహసము కలిగినది? ధర్మారావు దీర్ఘప్రసంగములకడ విసుగు చెందితిని. చర్చలు వేయిపడగలలో వచ్చినను విసుగే, మాలపల్లిలో వచ్చినను విసుగే. ఒకచోట విసుగును సాహిత్యదోషమనియు, వేరొకచోట విసుగును భక్తిలోపమనియు చెప్పుట న్యాయము కాదు.

సంస్కరణాభిమానులు చూచి ముక్కు మూసికొను మరియొక జాతి పుస్తకములు కలవు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసిరని ప్రసిద్ధి. అవి రైళ్లలోను రైలు స్టేషనులలోను అమ్ముడుపోయెడివి. మా మేనత్త బడిమొగ మెరుగదు. అన్నల పలకలు చూచి అక్షరములు నేర్చుకొని, ఆ చిన్న నవలలు చదివి చదివి ధారాళముగా చదువగలిగినది. ఆ తరువాత మాలపల్లిని చదివినది. ఆమె చేతిలో మొదటనే ఒక నీతిగ్రంథము పెట్టియుండినచో రెండవ పుస్తకము ముట్టెడిది కాదు. కొవ్వలివారి నవలలన్నియు గొప్పవని నేననను. నేను చదివినవానిలో చాలవరకు ఒకదానికొకటి కవలలు. కాని ఆయన చదువరిని గౌరవించెను: విసిగించుట నేరమని యెరిగెను. మన సదుద్దేశ గ్రంథకర్తలు ఆ యొక్క విద్యను ఆయనకడ నేర్చుకొనవలసియున్నది. హాస్యమున మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశమును తలచుకొనుడు. 1924లో పుట్టిన ఆ మొగలితుర్తి పిల్లవాడు నేటికిని మా మనుమలను నవ్వించుచున్నాడు; ఎవరును వానికి ముందుమాటల ఊతకోలలు ఇయ్యవలసిన యక్కర కలుగలేదు.

నన్ను మిక్కిలి నిరాశపరచిన పుస్తకముల మాట చివరకు మిగిల్చితిని. అవి పత్తిరైతును గూర్చినవి. 1987-88లో పత్తిమీద తెల్లదోమ పడి పంట పోయినపుడు, ప్రకాశము గుంటూరు జిల్లాలలో రైతులు చేనికై తెచ్చిన పురుగుమందును తామే త్రాగి చనిపోయిరి. అటుపిమ్మట ఆ దుఃఖము మన జిల్లాలను విడువలేదు. దానిపై వెలువడిన కథలు, పద్యములు, దీర్ఘకవితలు నాకు దొరకినన్ని చదివితిని. అందు కన్నీటికి కొరతలేదు. ఉరిత్రాడును, పగిలిన నేలయును, ఆకాశమువైపు చూచు ముసలికన్నులును ప్రతి పుటలోను కలవు. కాని అప్పు ఎవడిచ్చెనో చాలవానిలో లేదు. మందు అరువిచ్చిన దుకాణదారుడును, వడ్డీకి సొమ్మిచ్చినవాడును, పంటను తాను చెప్పిన ధరకు కొనువాడును మా యూళ్లలో అనేకచోట్ల ఒక్కడే. ఆ యొక్కని దుకాణములోనికి ఏ కవియు అడుగు పెట్టినట్లు లేదు. కౌలురైతు పేరు బ్యాంకు కాగితములలో లేకపోవుట, చచ్చినపిమ్మట పరిహారపు కాగితములలోను లేకపోవుట, అతని భార్య ఆ మరుసటి యేడు అదే చేనికి కూలికి పోవుట, వీనిని వ్రాయుటకు కన్నీరు చాలదు, తెలిసికొనవలెను. రైతు ఏడ్చెననునది వార్త. ఎట్లు ఆ స్థితికి వచ్చెననునది పుస్తకము చెప్పవలసిన సంగతి.

ఇట్టి పుస్తకమొకటి చదివి నా పొరుగు రైతు నా చేతికి మరల ఇచ్చుచు, "వీళ్ళు మన చావు చూశారుగానీ మన చేను చూడలేదండీ" అనెను. అతడు సాహిత్యవిమర్శకుడు కాడు. ఆరెకరములు కౌలుకు చేయువాడు. ఈ మాటను నేను ఆ గ్రంథకర్తకు వ్రాసి పంపితిని, సమాధానము రాలేదు. వచ్చియుండినచో, "రైతుపక్షమున వ్రాసిన పుస్తకమును ఆక్షేపించుట రైతుద్రోహము" అని యుండునని ఊహించుట కష్టము కాదు. మరల ఆ కట్నముల న్యాయమే!

"నీవెవ్వడవు? పండితుడవా, లాక్షణికుడవా?" అని అడుగువారు కొందరున్నారు. యార్డులో గోనెలో చేయిపెట్టువాడు వ్యవసాయశాస్త్రము చదివినవాడు కానక్కరలేదు. సొమ్ము వానిది, నోరు వానిది, కారము వానికి తెలియును. నేను పుస్తకమునకు సొమ్ము పెట్టితిని, అంతకంటె విలువైన రాత్రులు పెట్టితిని. "మన ప్రాంతమువారిని మనమే ప్రోత్సహింపవలదా?" అనువారు మరికొందరు. ప్రోత్సహింపవలెను. అబద్ధము చెప్పుట ప్రోత్సాహమెట్లగునో నాకు బోధపడలేదు. నా మాటవలన ఆ మొదటి గ్రంథకర్త రెండవ పుస్తకమున నొక్క స్త్రీచేత కడుపార అన్నము తినిపించినచో, ఏడుగురు వక్తలు చేయని యుపకారము మా కోడలు చేసినదగును.

ఇది ఒక్క రచయిత మనస్సు నొచ్చుకొనుటతో పోవు విషయము కాదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును మనము చెల్లించుచున్నాము. 1960 నాటి చట్టము దానిని ఏర్పరచినది. ఆ సొమ్ముతో అలమరలలో చేరు పుస్తకములను ఎవరు ఎన్నుకొందురు? ముందుమాటలను చూచి, సభల వార్తలను చూచి ఎన్నుకొందురు. వేటపాలెమున కొందరు యువకులు 1918లో కూడి ఆరంభించినది నేటి సారస్వత నికేతనము. గాంధీగారు 1929లో దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆ పాత పత్రికల సంపుటములను నేను యౌవనమున చూచియుంటిని. తమ సొంతసొమ్ముతో పుస్తకములు కొన్నవారు ఏది కొనవలెనో తగవులాడి కొనెడివారు. మా యూరి పఠనమందిరమున గత పదిసంవత్సరములలో చేరిన పుస్తకములను నేను స్వయముగా లెక్కింప బూనితిని. సగముకంటె ఎక్కువవాని పుటలు ఒకదానికొకటి అంటుకొనియే యున్నవి. కోసి చూచినవారే లేరు. బడినుండి వచ్చు పిల్లలు రెండు మూడు విప్పి, విసుగుజెంది, పుస్తకమనగా నిట్టిదియేయని నిశ్చయించి, మరల రాకుండ పోయిరి. పోయినవారిని తిరిగి పిలుచుట ఎవరితరము?

అందుచేత గడచిన మాసమున మా పఠనమందిరమున నొక పని చేసితిమి. దుకాణదారులు వాడు ఎఱ్ఱయట్ట చిట్టా యొకటి కొని, బల్లమీద పెన్సిలుతో కూడ కట్టి యుంచితిమి. పుస్తకము తీసికొన్నవారు దానిని మరల ఇచ్చునపుడు మూడే సంగతులు వ్రాయవలెను: పుస్తకము పేరు, ఏ పుటవరకు చదివిరి, ఏల ఆగిరి. పేరు వ్రాయుట వారి యిష్టము. సంఘములోని పెద్దలిద్దరు ఇది గ్రంథకర్తలకు అవమానమని ఆక్షేపించిరి. ఏ పుటలో నాగినారో వ్రాయవలసివచ్చిన తామేమి వ్రాయవలెనో తోచక వారట్లనిరని నా యనుమానము.

నిన్నటికి చిట్టాలో ముప్పదియొక్క పంక్తులు చేరినవి. పదవతరగతి పిల్లవాడెవడో బారిష్టరు పార్వతీశమునకెదురుగా "మొత్తం చదివాను, రెండో భాగం ఎక్కడుంది" అని వ్రాసినాడు. మాలపల్లికెదురుగా మా కోడలి దస్తూరి యున్నది. ఆమె నేను త్రిప్పివేసిన పుటలన్నిటిని చదివి, విద్యాలయ ఘట్టమే తనకు నచ్చినదని వ్రాసినది. ఆ విషయమై మా యింట రాత్రి భోజనమువేళ నుండి తగవు సాగుచున్నది. కట్నముల నవలకెదురుగా ఎవరో, నేను కాదు, "52వ పేజీ. కరెంటు పోయింది. మళ్ళీ తీయలేదు" అని వ్రాసిరి.